ఇరవై ఆటల లెక్క

బల్లార్షా బొగ్గు డిపో, రాత్రి రెండు.
కాటా మీదికి లారీ ఎక్కినప్పుడల్లా
నా రేకుల గది ఒణుకుతది.
అంకెలు కొద్దిసేపు ఊగి ఊగి ఒకచోట నిలబడతయి.
నిలబడేదాక చిట్టీ కొట్టొద్దు.
నేను చదువుకున్న చదువు మొత్తం ఇంతే.

రెండు బండ్ల నడుమ తీరిక దొరికితే
ఫోన్ల గోల్ఫ్ ఆడుత.
నవ్వకుండ్రి. లోడరు నడిపే దేవాజీ మడావి నేర్పిండు.
వాడూ చూడలే, నేనూ చూడలే అసలు మైదానం.
మా దిక్కు గడ్డి మొలిచినా
బొగ్గు పూసుకునే మొలుస్తది.

మొదటి రోజు నూటపది కొట్టి కాలరెగరేసిన.
దేవాజీ పడి పడి నవ్విండు:
"అరే ఓదెలూ, ఇది కబడ్డీ కాదురా!
ఎంత తక్కువొస్తే అంత మొనగానివి."
తక్కువైతే మెచ్చుకునే జాగ
నా బతుకుల అదే మొదటిది.

పద్దెనిమిది గుంతలు. డెబ్బైరెండు దెబ్బలైతే పార్.
పెద్ద దెబ్బ ఎవడన్నా కొడతడు,
వేలు వెనక్కి గుంజి ఇడిసిపెట్టుడే.
సగటు దిగేది అక్కడ కాదు.
గుంతకు మూడడుగుల దూరంల,
అయిపాయె అనుకొని ఊపిరి ఇడిసే కాడ,
ఒక్కొక్క దెబ్బ జారిపోతది,
తొట్టి సందుల నుంచి బొగ్గు పలుకులు రాలినట్టు.

గాలి సంగతి ఇంకో తమాషా.
తెర మీద బాణం గుర్తు ఒక దిక్కు చూపిస్తది,
కిటికీల నుంచి వర్ధా గాలి ఇంకో దిక్కు కొడతది.
రెండు నెలలు కిటికీనే నమ్మిన.
బాణాన్ని నమ్మినంక
తొంభై మీది నుంచి ఎనభైకి దిగిన,
ఆడ్నే మొరాయించిన, చలికాలమంతా.

సగటంటే మొత్తం బతుకుది కాదు,
ఆఖరి ఇరవై ఆటలదే.
కొత్తదొకటి ఎక్కితే పాతదొకటి దిగాలె.
ఒక్క కాటా మీద రెండు బండ్లు పట్టవు కదా.

నిన్న రాత్రి ఎనభైరెండు.
సోయి లేని ఆట, రెండు బంతులు చెర్ల వడ్డయి.
అయినా డెబ్బైతొమ్మిది పాయింట్ నాలుగు ఉన్న సగటు
డెబ్బైఎనిమిది పాయింట్ ఏడుకొచ్చింది.
చెడగొట్టిన, బాగుపడ్డది.
ఇదేం లెక్కరా అని జాబితా కిందిదాక జరిపి చూసిన.
అడుగున కూసొని ఉండే తొంభైఆరు
లేదు.

ఆ తొంభైఆరు నాకు తెలుసు.
ఆ రాత్రి మున్షీ బోర్కుటే
నా కుర్చీ ఎనక నిలబడ్డడు.
బండి ముందు చక్రాలే ఎక్కినయి కాటా మీదికి.
"కొట్టు" అన్నడు.
"ఇంకా ఎక్కలే సాబ్."
"కొట్టు."
పదిహేడు టన్నుల బొగ్గు పద్నాలుగైంది.
అక్కడ గూడ తక్కువే గెలిచింది.
డ్రైవరు చిట్టీ తీసుకుంట నా మొఖం చూడలే.
బండి పోయినంక ఆట తెరిసిన.
వేలు నా మాట వినలే,
జానెడు దూరం గుంతకు నాలుగు దెబ్బలు.

ఆట దాన్ని మరిచిపోయింది, ఇరవై కాంగనే.
దేవాజీ పొద్దుగాల్నే ఫోన్ చేసిండు:
"సగటు దిగింది, సమోసాలు నీయే."
తినిపించిన. ఏమి చెప్పలే.
చిట్టీల బుక్కుకు ఇరవై తెలియదు.
నీలం కార్బన్ కింద ఆ పద్నాలుగు
నా సంతకంతోటి అట్లనే ఉన్నది,
ఎన్ని రాత్రులు మీదికెక్కినా దిగదు.

ఇగో, ఇప్పుడే మళ్లొక బండి ఎక్కింది.
గది ఒణుకుతున్నది.
అద్దం మీద మున్షీ నీడ వడ్డది.
అంకె ఊగుతున్నది.
రెండు చేతులు ఒళ్లె పెట్టుకొని
చూసుకుంట కూసున్న.