ఐదొందల నలభై రెండు

ఆకివీడు సెంటర్లో ఏసీ కొట్టు.
చెప్పులు బయటే విడిచాను.
విడవమని ఎవరూ అనలేదు.

"నెలాఖరుకి బిల్లొచ్చే ప్లాను కావాలమ్మా,
మధ్యలో ఆగిపోనిది" అన్నాను.
కౌంటర్లో పిల్ల, మెహరున్నీసా అని ఉంది బిళ్ళ మీద,
పాన్ కార్డు నంబరు కొట్టి
తెర వంక చూసింది
నా వంక చూసింది
మళ్ళీ తెర వంకే చూసింది.
"స్కోరు ఐదొందల నలభై రెండండి."

అంకెలు నాకు కొత్త కాదు.
ఆరేళ్ళుగా తెల్లారగట్ల సీసాతో చెరువు నీళ్ళు ముంచి
ల్యాబుకి పట్టుకెళ్ళేవాణ్ణి.
ఉప్పు పన్నెండు. అమోనియా కొంచెం ఎక్కువ.
పీహెచ్ ఏడుకి దిగిందంటే చాలు
చెయ్యి దానంతటదే సున్నం బస్తా మీదికి పోయేది.
"దీనికేం జల్లాలమ్మా?" అన్నాను.
నవ్వబోయి ఆగిపోయింది.

రీఛార్జికి నెలంటే ఇరవయ్యెనిమిది రోజులు.
చంద్రుడికి ఇంకో రోజున్నర ఎక్కువ.
ఆ రెండూ ఏదో ఒక రాత్రి ఎదురుపడక తప్పదు.

భాద్రపద అమావాస్యనాడు ఎదురుపడ్డాయి.
రొయ్యలు పొర విడిచి
ఒళ్ళు మెత్తబడి, అడుగున,
గాలి ఎక్కువ కావాల్సిన రాత్రి.
ఒంటిగంటకి కరెంటు పోయింది.
కాపలా జోగయ్య డీజిలింజను తిప్పీ తిప్పీ
చేతులు బొబ్బలెక్కి
పదిహేడుసార్లు చేశాడంట నాకు.
ఎవరో ఆడమనిషి పదిహేడుసార్లూ
విసుక్కోకుండా చెప్పిందంట,
నా నంబరు ప్రస్తుతం పనిచేయడం లేదని.
నేను రెండు కిలోమీటర్ల అవతల
ఆ ఫోను గుండెల మీదే పెట్టుకుని పడుకున్నాను.

నాకంటే ముందు కొంగలకి తెలిసింది.

మేత కొట్టు రాజుగారు పుస్తకం తెరిచి
నా పేరు కింద గీత గీసి
"వచ్చే పంటకి చూద్దాంలే ఏడుకొండలూ" అన్నారు.
ఆ పేజీలో చెరువు పోయిన తేదీ కూడా రాసుంది.
ఈ తెరలో మాత్రం
బండి వాయిదాలు తప్పిన తేదీలు నాలుగే ఉన్నాయి,
ఎందుకు తప్పాయో రాసే గడి లేదు.
ఫోను ఆగి పంట పోయింది.
పంట పోయి వాయిదా ఆగింది.
వాయిదా ఆగింది కాబట్టి
ఆగని ఫోను ఇవ్వరంట.

"డిపాజిట్టు కడితే ఇస్తారండి, మూడు వేలు."
జేబులో పదకొండొందలు. అందులో ఎనిమిదొందలు
రత్నం మందులకి.

ఇప్పుడు నేను వాటాకి చేస్తున్న చెరువు
రాజుగారిదే.
గట్టు మీద మోటారు పెట్టెలో సిమ్ముంది.
ఎండలో వానలో, పెట్టె తుప్పుపట్టినా
నెలనెలా బిల్లొస్తుంది, మోగుతుంది.
"మోటారుకి ఇచ్చారు కదమ్మా" అన్నాను.
"అది మోటారుకి కాదండి,
ఆయనకండి."
ఈసారి ఇద్దరం నవ్వాం. ఎక్కువసేపేం కాదు.

పాతదే వేయించుకున్నాను, ఇరవయ్యెనిమిది రోజులది.
ఆ పిల్ల రసీదు తిప్పి
వెనకాల పెన్నుతో తేదీ రాసింది,
కాసేపు వేళ్ళు మడిచి లెక్కపెట్టి
"అమావాస్యకి ఇంకా మూడు రోజులుంటుందండి,
ముందే వచ్చెయ్యండి" అంది.
అమావాస్య సంగతి నీకెందుకు తెలుసమ్మా అనబోయాను.
"మా నాన్నా చెరువులు చేసేవాడండి" అంది,
తెర వంక చూస్తూనే.
చేసేవాడు.
ఇంకేం అడగలేదు నేను.

చెప్పులు వేసుకుంటుంటే
ఎండకి కాలి ఉన్నాయి.

ఆ రాత్రి మంచం గట్టు మీదికి మార్చాను.
రత్నం ఏమీ అనలేదు.
దోమతెర మడిచి చేతికిచ్చి
చిరుగున్న వైపు తల పెట్టుకోవద్దంది.
జోగయ్య బీడీ వెలిగించాడు.
ఫోను చొక్కా జేబులో ఉంది, నాలుగు గీతలూ నిండుగా.
దాన్ని నేను చూడ్డం లేదు.
నీళ్ళని కొడుతున్న ఫ్యాన్ల పక్కన
చెవి ఆనించి పడుకున్నాను,
చప్పుడు ఆగితే
మెలకువొచ్చేంత దగ్గరగా.