కొసరు

తూకాలు సరిచూడటం నా ఉద్యోగం.
రేవుల్లో లారీని లారీగా తూచే కాటా దగ్గర్నుంచి
మందుల కొట్టు త్రాసు దాకా.
ఎక్కడ ముల్లు అబద్ధమాడితే అక్కడికి పంపుతారు నన్ను,
నల్లపెట్టెలో కొలువుదీరిన పదకొండు ఇత్తడి గుండ్లతో.

చిట్టగాంగ్ విమానాశ్రయంలో పెట్టె తెరిపించి
ఒకాయన గుండుని వెలుతురుకెత్తి చూశాడు.
"చదరంగమా?" అన్నాడు.
కాదు, నిజం, అందామనుకున్నాను గానీ
రాత్రి రెండయింది, నవ్వి ఊరుకున్నాను.

హైఫాంగ్‌లో సైకిలు మీద ఆకుకూరలమ్మే మనిషి
నూరు గ్రాములు తూచి, సరిపోయాక,
చూడకుండానే ఇంకో నాలుగు రెమ్మలు పడేసింది పైన.
నేను నోటు తీశాను.
కోడిని తోలినట్టు చెయ్యి ఊపింది.
పెనాంగ్‌లో మీటరు ఆపేశాక కూడా
వానలో రెండు వీధులు ఎక్కువ తిప్పాడు డ్రైవరు,
వాళ్ళ నాన్న పనిచేసిన తగరం కొలిమి చూపించడానికి.
తాళం వేసి ఉంది.
ఇద్దరం ఆ తాళాన్ని చూసి వచ్చాం.

ఇవేవీ నా రిపోర్టుల్లో లేవు.
రిపోర్టులో తేడాకి ఒక గడి, కారణానికి ఒక గడి.
ఇవీ తేడాలే.
కారణం దగ్గర పెన్ను ఆగిపోయేది.

నిన్న మెడ్రాసు హార్బరులో పని ముగిసి
బీచ్ స్టేషన్‌కి నడుస్తుంటే ఆకలేసింది.
సెకండ్ లైన్ బీచ్‌లో అతో బండి.
కాషాయ రంగు నూడుల్స్, సన్నగా తరిగిన క్యాబేజీ,
వేయించిన ఉల్లి, వెల్లుల్లి నూనె, చింతపండు పులుసు,
అన్నీ ఒకే స్టీలు గిన్నెలో
చేత్తో కలుపుతోంది చెల్లత్తాయి పాటి.
తూకం లేదు. ఆమె పిడికిలే సోలా, తవ్వా.
వెంట అరటిదూట సూపు, అడిగినన్ని సార్లు.

"పోయిన నెల రంగూన్ వెళ్ళొచ్చాను" అన్నాను,
తెలుగు వాసన వదలని తమిళంలో.

గిన్నెలో చెయ్యి ఆగింది.
ఏడేళ్ళప్పుడు ఓడెక్కిందట, అరవై అయిదులో.
"ముప్పై ఎనిమిదో వీధి" అంది.
"మూల మీద కుళాయి. సింహం నోరు దానికి.
ఇంకా ఉందా?"

రంగూన్‌లో నేను చూసింది రేవు, కాటా,
హోటలు కిటికీలోంచి దూరంగా ఒక బంగారు శిఖరం.
తొమ్మిది రోజులూ లారీలే తూచాను.
"ఉంది పాటీ" అన్నాను. "నీళ్ళు కూడా వస్తున్నాయి."

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో
నేనిచ్చిన మొదటి తప్పుడు తూకం.

పొట్ట కదిలేలా నవ్వింది ఆమె.
"అక్కడ కుళాయే లేదు కణ్ణూ.
నీళ్ళకి పక్క వీధికి పోయేవాళ్ళం, మా అక్కా నేనూ."
రంగూన్ చూశామన్న ప్రతివాళ్ళనీ ఇదే అడుగుతుందట.

తెలిసిన గుండు పెట్టి తెలియని త్రాసుని చూడటం
నా పనే. నా మీదే చేసింది.
ముల్లు ఎటు వాలిందో చూసేసింది.

తల దించుకుని తింటున్నాను. పులుపు ముక్కుకెక్కింది.
పళ్ళెంలో ఇంకో పిడికెడు పడింది.
"వద్దు పాటీ..."
"కొసురు" అంది.

కొసురు.
మా మాటే, ఒక్క అచ్చు తేడా.
పెరంబూరు మార్కెట్లో గుప్పెడు కరివేపాకు కోసం
మా అమ్మ ఆ మాట మీదే నిలబడి పోట్లాడేది,
మేం సిగ్గుతో నాలుగడుగులు వెనక నిలబడేవాళ్ళం.
మళ్ళీ రాత్రికి అదే మాటతో
కొసరి కొసరి వడ్డించేది.
బజార్లో గుంజుకున్నదంతా ఇంట్లో ఖర్చుపెట్టేది.

రైల్లో పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను.
కిలో, అర, పావు, వేటికవి సరిగ్గా, చల్లగా.
వాషర్‌మెన్‌పేట దాటాక గుర్తొచ్చింది,
పక్క వీధి అంటే ఎటుపక్క?
ముప్పై ఏడా, ముప్పై తొమ్మిదా?
అడగలేదు.

వచ్చే ఏడు మళ్ళీ పంపిస్తారు.
రెండు వీధులూ తిరగాలి.
ఒకటి కొసరు.