పదకొండున్నర

సెలవు ఇంకా తొమ్మిది రోజులుంది.
పాపకు ఏడో నెల, కింద రెండు పళ్ళు.
డిపోలో నా పేరు మళ్ళీ ఎర్రగుంట్ల చార్టులో రాసినారు,
తెల్లారి అయిదూ నలభై బండి.
పాపను యాడ వదలాల?

మా అత్త మోకాళ్ళు ముందే రాజీనామా ఇచ్చినాయి.
మా అమ్మ పత్తి ఏరబోతాది, కూలి వదులుకోలేదు.
ఓబులేసు రాత్రి షిఫ్టు దిగొచ్చి
సిమెంటు దుమ్ము కళ్ళతో ఫోను చూస్తా
"ఈడ నాలుగున్నర చుక్కలిచ్చినారు మే" అన్నాడు.
చుక్కలిచ్చినోళ్ళ పేర్లు చదివినా.
ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు.

సెలవులో ఉన్నా నేను కండక్టరునే, అడగడం నా పని.
పాపను చంకనేసుకోని మా బండే ఎక్కి
సీటు సీటుకీ అడిగినా.
"మా చెల్లెలి కొడుకును ఆ బొమ్మల గోడ ఇంట్లో వేసినారు, బాగుంది"
అన్నది ఒక టీచరమ్మ.
ఏం బాగుందంటే "ఏసీ" అన్నది.
జాకెట్లు కుట్టే రామసుబ్బమ్మ గొంతు తగ్గించి
"ఆడ పిల్లోళ్ళు మధ్యాన్నమంతా నిద్రపోతారమ్మీ,
అంతసేపు నిద్రపోతారా ఏ పిల్లోళ్ళైనా?"
పెన్న వంతెన దాటినాంక కూడా ఆ మాట చెవిలోంచి దిగలా.
అంగన్‌వాడీ ఆయమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది:
"గుడ్లూ పాలూ ఇంటికి తీస్కపో.
చంటిదాన్ని పట్టుకునే చేతులు మాకాడ లేవు."

బొమ్మల గోడ ఇంట్లో మేడం నవ్వుతా రంగు కాగితమిచ్చింది.
కెమెరా చూపించింది.
తెరమీద పదిమంది పిల్లోళ్ళు. ఒక్కరూ కదలలా.
వంటగది చూడొచ్చా అంటే
"సోమవారం రండి" అన్నది.

మాబున్నిది మోడంపల్లె కాడ సందులో ఇల్లు,
ఎవరూ ఒక్క చుక్కా ఇయ్యని ఇల్లు.
చెప్పకుండా పోయినా, పదకొండున్నరకు,
ఆకలీ నిద్రా ఒకేసారి పిల్లోళ్ళ మీద పడే యాళకు.
గోడంతా పెచ్చులు. తీగ మీద తడి పొత్తిగుడ్డలు.
ఒకడు ఏడుస్తాన్నాడు,
ఒకతి చెంచాతో గిన్నెను వాయిస్తాంది.
సంగటి మెదిపిన చెయ్యి కడుక్కోకుండానే తలుపు తీసింది.
నేనింకా నోరు తెరవలా,
"ఆ మూలనున్నోని నుదుట బొప్పి చూడు.
నిన్న గడప తట్టుకోని పడినాడు.
నేను పాలు కాస్తాంటి, తప్పు నాదే.
వాళ్ళమ్మకు అప్పుడే ఫోను చేసి చెప్పినా.
ఇది ఇన్నాంక కూర్చో."

పదకొండేళ్ళు టికెట్లు కొట్టినా.
చిల్లర లేదని ఎక్కంగానే చెప్పేటోళ్ళుంటారు,
దిగే స్టాపు కాడ అయిదొందల నోటు తీసేటోళ్ళుంటారు.
మనుషుల్ని చదవడం నాకు అంతవరకే వచ్చు.

కూర్చున్నా.
"నిద్రొచ్చేటప్పుడు ఏం పట్టుకుంటాది?" అనడిగింది.
నా చెవి, అన్నా.
మాట్లాడకుండా కమ్మలు తీసి
కొంగు చివర ముడేసుకునింది.

అట్లని రాత్రి నిద్ర పట్టిందా?
గడప ఆడనే ఉంది. పాలు రోజూ కాయాల్సిందే.
మొదటి రోజు ఎర్రగుంట్ల చేరేలోపల
రెండు టికెట్లు తప్పు కొట్టి చేతి డబ్బులు కట్టినా.
పదకొండున్నరకు ఫోను చేస్తే
మాబున్ని హలో కంటే ముందు
గిన్నె మీద చెంచా పలికింది.

నిన్న డ్రైవరు ఎనక సీట్లో ఒకామె, ఎనిమిదో నెలేమో,
"అక్కా, నీ బిడ్డను యాడ వదుల్తాన్నావు? బాగుందా?"
బాగుందని అనలా.
ఆడోళ్ళకిప్పుడు సున్నా టికెట్టే కదా,
దాని ఎనకాల సందు పేరు రాసిచ్చి
"చెప్పకుండా పో" అన్నా,
"పదకొండున్నరకు.
చెప్పులిడిచేలోపల ఏం చెప్తాదో ఇను.
ఇనినాంక కూడా నీకు భయముంటాది.
నాకుంది."