లోపలి జేబు

మూడు నెలలుగా రాస్తున్నాను బోందోని.
చియతూరాలో రోప్‌వే కేబిన్ నడిపేవాడు,
యాభై రెండేళ్లు, భార్య పోయింది, మంచివాడు.
అక్కడితో ఆగిపోయాడు.
కూర్చోమంటే కూర్చుంటాడు,
ఏడవమంటే ఏడుస్తాడు,
బట్టల కొట్టు అద్దం వెనక బొమ్మకిలా
తొడిగిన చొక్కా తొడిగినట్టే ఉంటుంది.

కళ్ల రంగు మార్చి చూశాను. బూడిద, తర్వాత తేనె.
నుదుటి మీద ఒక గాటు పెట్టాను.
చిన్నప్పుడు తండ్రి కొట్టిన దెబ్బ అని రాసి
నాకే సిగ్గేసి కొట్టేశాను.

పగలు నాది మందుల షాపులో పని.
నిన్న వానలో, గని దిగి వచ్చాడొకతను,
అరచేతి గీతల్లో మాంగనీసు నలుపు.
దగ్గు మందుకి చిల్లర లెక్కపెట్టాడు. చాల్లేదు.
కోటు లోపలి జేబు తడిమాడు.
నాలుగు మడతల నోటు, పిన్నీసు పెట్టి ఉంది.
నేను చూశాను. అతను తీయలేదు.
"మిగతాది రేపిస్తా, లామ్‌జీరా" అన్నాడు,
ఆ జేబు మీద చెయ్యి ఉంచుకునే
దగ్గుతూ వెళ్లిపోయాడు.

రాత్రి బోందో కోటుకి ఆ జేబు కుట్టాను.
నోటు ఎవరి కోసమో రాయలేదు. నాకూ తెలియదు.

అంతే,
పెద్దమనిషి పొద్దుతిరుగుడు గింజలు కొరకడం మొదలెట్టాడు,
పొట్టు పక్కింటి మెట్ల మీద ఊస్తాడు.
బడిపిల్లల్ని ఊరికే ఎక్కించుకుంటాడు గానీ
సొంత తమ్ముడి దగ్గర టిక్కెట్టు డబ్బులు వదలడు.
భార్య చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి.
ప్రేమ అనుకున్నాను.
కాదట, దొంగల భయమట,
ఇంట్లో ఆడమనిషి ఉందనుకోవాలట.
చెప్పి, మొహం అటు తిప్పుకున్నాడు.
ఓరి నీ!
నాతోనే అబద్ధమాడేంత వాడయ్యాడు.

ఇరవయ్యో అధ్యాయంలో తమ్ముణ్ణి క్షమించాలి.
మొదట్నించీ ప్లాను అదే.
కరెంటు పోయి కేబిన్ నడిలోయలో ఆగుతుంది,
అన్నదమ్ములిద్దరే, కింద క్విరిలా నది.
అక్కడ అనడానికి ఒక వాక్యం
ఏడాదిగా దాచిపెట్టుకున్నాను.

కేబిన్ ఆగింది.
బోందో గింజల పొట్లం విప్పాడు.
తిన్నాడు. మళ్లీ తిన్నాడు.
కాసేపటికి పొట్లం బెంచీ మీద
ఇద్దరి మధ్యా పెట్టాడు.
ఇవ్వలేదు. పెట్టాడంతే.

నా వాక్యం ఎక్కడ దూర్చను?

పొయ్యి మీద చిక్కుళ్లు మాడుతున్న వాసన.
లేవలేను ఇప్పుడు.
తమ్ముడి చెయ్యి
మోకాలి మీంచి కదిలింది.