గుమ్ముల అర్ర

మా ముత్తాత తల్లి ఈదమ్మకు
అచ్చరం తెల్వదు. గీత తెల్సు.

గుమ్ముల అర్రల పడమటి గోడ మీద
బొగ్గు గీత ఒకటి సోలెడు,
దాన్ని అడ్డంగ కొడితే కుంచెడు,
జాజు చుక్క పెడితే హాలి రూపాయి.
తలుపు పక్కన వేలెడంత వంకర గీత మాత్రం
మొదటి ఈతల చచ్చిన పడ్డ.
అది ఎవల బాకీ కాదు.
అయినా గీసింది.

ఇంట్ల పదకొండు నోళ్ళు,
ఎడ్లతోటి కలిపితే పదమూడు.
ముందుగాల ఎడ్లు తినాలె,
ఎనుక మోట కొట్టొచ్చిన మొగోళ్ళు,
ఆ ఎనుక పిల్లలు.
కుండ అడుగున మాడిన గటక ఈదమ్మది.
జీతగాడు ఉశెనప్ప బువ్వ
కొట్టం గడప అవతల, మోదుగాకు డొప్పల.

ఉశెనప్ప తండ్రి
పెండ్లికి తెచ్చుకున్న మూడు కుంచాల జొన్నలు
తండ్రి పోయినా గోడ మీద బతికే ఉన్నయి.
ఏటేటా నాగు ఎక్కి
మూడు నాలుగున్నరై, నాలుగున్నర ఏడుకొచ్చి
చెదల లెక్క దూలం దాక పాకినయి.
చెయ్యందకపోతే
ఈదమ్మ ఎత్తుపీట ఎక్కి గీసేది.
పీట కదలకుంట పట్టుకునేది ఉశెనప్పనే.

ధాత యేడు.
దుందుభి వాగుల ఇసుక తవ్వితే ఇసుకనే.
మోట బొక్కెన తోలెండి పెళుసెక్కితే
కుక్క ఈడ్సుకపోయి రాత్రంత నమిలింది.
తుమ్మకాయలు మేకల కంటె ముందు
మనుషులు ఏరుకున్నరు.
నాగజెముడు పండ్లు తిన్న పిల్లలు
ఎర్ర మూతులతోటి నవ్వుతుంటే
చూసెటోళ్ళకు భయమైంది.

కుర్మయ్య ఉన్న రెండెడ్లను తోల్కొని
దేవరకొండ అంగడికి బయలెల్లిండు.
పోయెటప్పుడు గోడ దిక్కు చూపిచ్చి
"రేపు వానొస్తే మనకున్నది గిదే" అన్నడు.

తొమ్మిదో రాత్రి
కొట్టం కాడ ఉశెనప్ప పెండ్లాం, పచ్చి బాలింత,
పాలు లేని రొమ్ము పిల్ల నోట్ల పెట్టి
ఊకె కూసుంది.
ఈదమ్మ తెల్లారెదాక ఏం అనుకున్నదో
కథ చెప్పిన మా తాతకు కూడ తెల్వదు.
పొద్దుగాల బాయి అడుగుకు దిగి
గంపెడు ఒండ్రుమట్టి తెచ్చింది.
పేడ లేదు. ఉత్త మట్టితోటే
గోడ అలుకుడు మొదలు పెట్టింది.
తాగనీకె దాచిన నీళ్ళల్ల రెండు చెంబులు
ఆ గోడ తాగింది.
దూలం కింది గీతలకు చెయ్యందలే.
"ఉశెనా, పీట పట్టు" అన్నది.
పట్టిండు.
తలెత్తి చూడలే.

దీపాల యాళ్ళకు కుర్మయ్య వచ్చిండు,
భుజం మీద రెండు పలుపులు, ఎడ్లు లేవు.
గడపలనే ఆగి, ముక్కు పైకెత్తి
"వానొచ్చిందా?" అన్నడు.
"రాలే."
లోపలికి పోయి చూసిండు.
చూసి, పలుపులు కొయ్యకు తగిలేసి
గొంగడి కప్పుకొని పండుకున్నడు.

ఇప్పటికీ మా ఇంట్ల ఈ కథ ఈడనే ఆపుతరు.
నేను ఆపలేను.
మరుసటేడు మిరుగుకు వాన పడ్డది.
ఉశెనప్ప ఇత్తనాలకు
ఒక కుంచెడు సజ్జలు అడిగిండు.
ఈదమ్మ కొలిచి పోసింది,
బొగ్గు తీసింది.
కొత్త మట్టి మీద
గీత బాగ పడ్డదట.
పక్కననే వంకర గీత ఉన్నది,
దాని సుట్టు చెయ్యి తిప్పి అలికింది గనక.