ఒక్క పోగు

పదకొండో రోజు రాత్రి
ఓటేరి నల్లా గట్టున మేడమీద గదిలో
నువ్వు పాలు తాగుతుంటే టిక్కు టిక్కుమని చప్పుడు.
బాబిన్‌లో దారం అయిపోయిన మిషను
ఉత్తి సూదితో గుడ్డని పొడుస్తున్నట్టు.

పట్టుకుంటావు, జారిపోతావు.
మళ్ళీ పట్టుకుంటావు, ఏడుస్తావు.
గంటసేపు తాగి, పావుగంట కునికి,
మళ్ళీ ఆకలి.
నా రొమ్ము మొన చీలి
నెత్తురు జాకెట్టుకి అంటుకుపోయేది.
విప్పినప్పుడల్లా పళ్ళ మధ్య కొంగు.

తలా ఒక మాట.
పాలు పలచనన్నారు.
వెల్లుల్లి తినమన్నారు, సొరచేప పుట్టు తినమన్నారు.
కింది వాటా కనకవల్లి కాల్చిన వసకొమ్ము తెచ్చింది.
రాత్రిపూట దాని పేరెత్తకూడదట,
పేరు చెప్పని మందు అనాలట.
"నాలిక మీద గీస్తే వసపిట్టలా వాగుతుంది చూడు."
వాగుడు ఎవరిక్కావాలి?
నీకు కావలసింది గుటక.
తూకం చీటీలో నువ్వింకా
పుట్టినప్పటికన్నా నూట ఎనభై గ్రాములు వెనకే.

ఎగ్మూరు ఆస్పత్రిలో నర్సు సెల్వరాణి
ఆ చీటీ పక్కన పెట్టింది.
స్టూలు లాక్కుని కూర్చుని
ఇరవై నిమిషాలు
నువ్వు తాగడం చూసింది, అంతే.
తర్వాత చేతులు కడుక్కుని
చూపుడువేలితో నీ నాలుక పైకెత్తింది.

పలచటి తెల్లటి పొర, నిలువునా,
నాలుక కొనదాకా పాకి.
నువ్వు ఏడ్చావు,
కొన మధ్యలో లోపలికి నొక్కుకుపోయింది.

పద్నాలుగేళ్ళుగా జాకెట్లు కుడుతున్నదాన్ని,
నాకొకరు చెప్పాలా?
దారం బిగువెక్కువైతే
పట్టుబట్టైనా అలాగే ముడుచుకుంటుంది.
పదకొండు రోజులు
గుడ్డని తిట్టాను, సూదిని తిట్టాను,
దారం చూసుకోలేదు.

నరం లేని నాలుక అంటారు.
నరం మాటేమో గానీ
నీ నాలుక్కి ఒక్క పోగు ఎక్కువ.

డాక్టర్ ఇళవరసి తొందరపడలేదు.
పొర ఉన్న ప్రతి బిడ్డకీ కత్తెర అక్కర్లేదంది.
గడ్డం ఆనించి, ఆవులించినంత నోరు తెరిచాకే అందించమంది.
రెండు రోజులు చూశాం.
టిక్కు టిక్కు పోలేదు.

"లేపు మాటలు బాగా వస్తాయా డాక్టలమ్మా?"
మీ నాన్న అడిగాడు.
ఆవిడ ఆయన నోటి వైపు ఒక్క క్షణం చూసి
"మాటల సంగతి ఇప్పుడు నేను చెప్పలేను.
ఇది పాల కోసం" అంది.
ఆ జవాబు నాకు నచ్చింది.
కొలత తీయకుండానే కుదురుతుందనే టైలర్ని
నేనూ నమ్మను.

నిన్ను తువ్వాల్లో చుట్టారు.
నాలుక మీద రెండు చుక్కలు చక్కెర నీళ్ళు.
నన్ను బయట ఉండమన్నారు. ఉండలేదు.
నా కత్తెర పదంగుళాలు,
ఆవిడది నా చిటికెనవేలంత.
దారం తెగే చప్పుడు నాకు తెలుసు,
అది కూడా వినపడలేదు.
దూది మీద మూడు ఎర్ర చుక్కలు.
ఆనక నీ ఏడుపు, లిఫ్టు దాకా.

వెంటనే నా ఒళ్ళోకి.
నోరు ఇంతా తెరిచావు.
గుటక.
ఆగి, గుటక.
నొప్పి పోయిందని అబద్ధం చెప్పను,
పాత పుండు పుండే.
కానీ నీ చెంప నిండింది.
నీ పిడికిలి
వేలు వేలుగా విచ్చుకోవడం
అప్పుడే మొదటిసారి చూశాను.

ఇంటికొచ్చాక నాలుక కింద తెల్ల మచ్చ.
చీము కాదు, మానుతున్న గాయమని
సెల్వరాణి ముందే చెప్పింది.
అయినా రాత్రికి మూడుసార్లు
టార్చి వేసి చూసేదాన్ని.

నాలుగో రాత్రి టార్చి కనపడలేదు.
మీ నాన్న అద్దం ముందున్నాడు.
నోరు తెరిచి, నాలుక ఎత్తబోయి, ఎత్తలేక,
తన నోట్లోకి తానే వెలుగు పట్టుకుని.
ముప్పై నాలుగేళ్ళుగా
తన పేరు మునిలత్నం అని చెప్పుకుంటున్న మనిషి.
ఒక్క అక్షరం కోసం
బడిలో ఎన్ని బెంచీలు ఎక్కాడో.
గుమ్మంలోనే ఆగిపోయాను.
పిలవలేదు.

నువ్వు కదిలావు.
ఆయన టార్చి ఆర్పి, గబగబా వచ్చి,
నిన్ను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.
"లా తల్లీ" అన్నాడు.
నువ్వు ఆయన కేసి నాలుక చాపావు,
కింది పెదవి దాటించి.