బిళ్ల

కాస్త్రోలో వాన ఆగదు.
నీళ్లలో గుంజలు పాతి నిలబెట్టిన కొట్టు నాది.
కింద సముద్రం పోటెక్కినప్పుడల్లా
నేల పలకలు ఒకసారి గొంతు సవరించుకుంటాయి.

లెముయ్ దీవి నుంచి పదిన్నర ఫెర్రీలో
ఎర్మెలిందా వచ్చింది,
ల్యాప్‌టాప్‌ని ఉన్ని శాలువాలో చుట్టుకుని,
అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెలా.

"పదకొండు రోజులైంది, తిరుగుతూనే ఉంది."

తెర మూలన చిన్న గుండ్రం.
గానుగెద్దులా తిరుగుతోంది,
నూనె చుక్క రాలదు.

లోపలున్నవి బంగాళాదుంపలు.
అంటే వాటి జాబితా:
రెండు వందల పద్నాలుగు రకాలు,
ఏది ఏ మడిలో, తొక్క ఏ రంగు,
ఎవరి అమ్మమ్మ దాన్ని ఏమని పిలిచేది.
అటు కించావ్ దీవిలో ఒర్తెన్సియా
తన ఫోన్లో ఇదే జాబితా రాస్తుంది.
ఇద్దరికీ ఖాతా ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే.
మాటలు మాత్రం మూడేళ్ల కిందట
ఒక విత్తనపు బస్తా దగ్గర ఆగిపోయాయి.
వాళ్ల మధ్య నడుస్తున్నది ఆ జాబితా ఒక్కటే.
ఇప్పుడు అదీ.

ముందు అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి దించాను.
పడవ ఇంజన్లు బాగుచేసే మా మేనమామ మాట:
ఏది విప్పినా ముందు బోల్టులు లెక్కపెట్టుకో.
వైఫై ఉంది. చోటు సగం ఖాళీ.
సింక్ ఎవరూ ఆపలేదు.
పాస్‌వర్డ్ మళ్లీ కొట్టమని
నేను కిటికీ వైపు తిరిగాను.
ఒక్కో మీటనీ ఆమె నొక్కుతున్న చప్పుడు,
దుంప కన్ను పైకి ఉండేలా
చూసి చూసి నాటుతున్నట్టు.

లోపలికి రానివ్వలేదు.

లాగౌట్ చేద్దామంటే నా చెయ్యి పట్టుకుంది.
"బయటికెళ్లాక మళ్లీ రానివ్వకపోతే?"
ఆ తర్వాత పొయ్యి వైపు చూస్తూ, మెల్లగా:
"తనే లోపల గడియ పెట్టుకుందేమో చూడు."

చూశాను.
చూడాల్సింది కుడి మూలన, అంకెల్లో ఉంది.
బయట జులై.
ఇక్కడ జనవరి ఒకటి, తొమ్మిదేళ్ల కిందటిది,
అర్ధరాత్రి దాటి నలభై నిమిషాలు.

అసలు బ్యాటరీ ఎప్పుడో పోయింది.
లోపల చొక్కా గుండీ అంత బిళ్ల,
అది కూడా ఇప్పుడు.
ప్లగ్గు పీకిన ప్రతిసారీ
ఈ యంత్రానికి అదే కొత్త సంవత్సరం.
ఇవాళ ఏ రోజని అవతలి సర్వరు అడుగుతుంది,
జవాబు విని తలుపు తీయదు.

"ఎవరూ గడియ పెట్టలేదమ్మా,
మీది పాత రోజులో ఉండిపోయింది, అంతే."

నవ్వుతుందనుకున్నాను.
శాలువా మడత పెట్టింది,
విప్పింది, మళ్లీ పెట్టింది.

బిళ్ల మార్చి తేదీ సరిచేశాను.
గుండ్రం ఆగింది.
ఆగీ ఆగగానే అసలు చిక్కు:
ఒకే ఫైలుకి రెండు ప్రతులు.
పదకొండు రోజులూ ఇద్దరూ రాస్తూనే ఉన్నారు,
ఒకరిది ఒకరికి కనబడకుండా.
ఏది ఉంచను? అని తెర.

నలభై ఏడో దుంప, ఇక్కడ:
తొక్క నలుపు, లోపల ఊదా, ఉడికితే పగలదు.
అక్కడ:
తొక్క నలుపు, లోపల ఊదా, ఉడికితే పగులుతుంది.
ఈ పాటి దానికేనా, అనబోయి ఊరుకున్నాను.
ఆమె వేలు కిందికి, ఇంకా కిందికి దిగింది.

ఒర్తెన్సియా ప్రతిలో
రెండు వందల పదిహేనో వరస ఉంది.
పేరు గడి ఖాళీ.
రంగు గడి ఖాళీ.
గమనిక అన్న చోట, ఆరు రోజుల కిందటి తేదీతో:
రాయడం లేదేం, ఒంట్లో బాగోలేదా?

"రెండూ ఉంచు," అంది ఎర్మెలిందా.
కుర్చీ ముందుకు లాక్కుంది.

మూడున్నర ఫెర్రీ కూత పెట్టింది.
ఆమె తలెత్తలేదు.
మళ్లీ అదే చప్పుడు, ఒక్కో కన్నూ చూసుకుంటూ.
ఏం రాసిందో నేను చూడలేదు.
పైకి వెళ్లడం చూశాను,
చిన్న ఆకుపచ్చ టిక్కు.

బిళ్లకి డబ్బులడగడం
మర్చేపోయాను.